పసుపు డబ్బాలో కరిసల్ మన్ను

మా తమ్ముడు హరికృష్ణన్ పెండ్లి శ్రీలంకలో, సముద్రం ఒడ్డున అని తెలిసిన దినమే నాకు ఒళ్ళు మండింది. కోవిల్‌పట్టిలో మండపాలు లేవా? విరుదునగర్‌లో పెండ్లికూతురి వీధిలోనే ఏసీ మండపం ఉందే! అడిగితే, "కలైసెల్వికి ఆశ అక్కా" అన్నాడు. సరే, కట్టుకోబోయే పిల్ల ఆశ. అడ్డం చెప్పేదానికి నేనెవరు?

నేనెవరంటే, పెండ్లికొడుకు అక్కను, జోతిలక్ష్మిని. మా వాళ్ళలో ఆడబిడ్డ లేకుండా పెండ్లి నడవదు. తాళికి రెండు ముళ్ళు పెండ్లికొడుకు వేస్తే, మూడో ముడి ఆడబిడ్డ వెయ్యాల. పాలికల్లో నవధాన్యం చల్లేదానికి మన్ను తెచ్చేదీ ఆమే. ఆ మన్ను ఎక్కడబడితే అక్కడిది కాదు. విళాత్తికుళం పక్కన మా సొంత చేని కరిసల్ మన్ను, కాటుక మాదిరి నల్లటిది. మా అవ్వ పెండ్లికీ, మా అమ్మ పెండ్లికీ పాలికలు అందులోనే మొలిచినాయి.

ఈ పెండ్లికి మటుకు అన్నిటికీ కాంట్రాక్టు వాళ్ళే. కోవిల్‌పట్టిలో సగం ఊరికి రవికలు కుట్టేది నేను. నా తమ్ముడి పెండ్లాం రవిక మాత్రం చెన్నైలో ఎవరో కుట్టాలంట! పోనీలే అనుకున్నా. మన్ను సంగతి ఎత్తితే హరి రెండు చేతులూ జోడించినాడు.

"అక్కా, నీకు దండం పెడతా. మన్ను, విత్తనాలు దేశం దాటించకూడదు. కస్టమ్స్‌లో పట్టుకుంటారు. పాలికలు అక్కడే కొబ్బరిపొట్టులో వేస్తారు, నువ్వు ఊరకే ఉండు."

కొబ్బరిపొట్టంట! నర్సరీలో రోజాచెట్టుకు వేసేది!

నేను ఊరకే ఉంటానా? బస్సెక్కి చేనికి పోయి, మన్ను గుడ్డలో మూట కట్టుకోని వచ్చినా. నా పెట్టెలో పెట్టేదానికి లేదు, హరి వెతక్కుండా వదలడు. అనుకున్నట్టే విరుదునగర్‌లో పెండ్లికూతురి ఇంటి ముందర అందరం వ్యాను ఎక్కబోతా ఉంటే, నా బుద్ధి తెలిసినవాడు గనక హరి నా పెట్టె తెరిచి అంతా కలబెట్టి చూసినాడు. పొన్నమ్మత్త సంచి మాత్రం వాడు ముట్టుకోడని నాకు తెలుసు.

పొన్నమ్మాళ్ మా నాయన చెల్లెలు. అమ్మా నాయనా పోయినంక మమ్మల్ని సాకి పెద్దచేసింది ఆమే. పెండ్లిపీట దగ్గర మా అమ్మ స్థానంలో నిలబడాల్సిందీ ఆమే. ఆ ఒక్క గడియ కోసం కొత్త పట్టుచీర కొనుక్కోని, దాన్ని తీసి చూసి మళ్ళా మడిచి పెట్టుకుంటా ఉండె. తాళిబొట్టు ఆమె చేతిసంచిలోనే ఉంది. పెద్ద సంచిలో ఆమె ఇంట్లో దంచిన పసుపు, స్టీలు డబ్బా నిండా. ఇంట్లో బయలుదేరే ముందే, ఆమె పక్కింటివాళ్ళకు చెప్పొస్తానని పోయిన సందులో నేను పసుపు సగం తీసేసి, అడుగున మన్ను పోసి, పైన పసుపు కప్పి మూత పెట్టేసినా. ఆహా ఏం తెలివి అని నన్ను నేనే మెచ్చుకున్నా గూడా, పాపిష్టిదాన్ని.

మదురైలో విమానం ఎక్కేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. శ్రీలంకలో దిగినాక కస్టమ్స్‌లో అత్త సంచి ఆపినారు. అరవం మాట్లాడే ఆఫీసరమ్మ ఒకామె డబ్బా బయటికి తీసి, ఎవరిదని మర్యాదగానే అడిగింది.

"నాదేమ్మా. ఇంట్లో దంచిన పసుపు. వాసన చూడు!" అనింది అత్త, గొప్పగా.

"మీరే సర్దినారా?"

"ఇంకెవరు సర్దుతారు? నేనే."

ఆఫీసరమ్మ గరిటె లోపలికి దించి పైకెత్తింది. పైన పచ్చగా, కింద నల్లగా వచ్చింది.

అత్త ఆ మన్ను చిటికెడు తీసుకోని వేళ్ళ మధ్య నలిపింది. ఆ చేన్లో జీవితమంతా కలుపు తీసిన మనిషి, ఆమెకు ఒకరు చెప్పాలా? తలెత్తి నన్ను చూసింది. నేను నేల మీద టైల్స్ చూసినా. "నేను పెట్టినా" అనేదానికి ఎంతసేపు? కండక్టరుతో, కూరగాయల అంగడివాడితో గొంతు చించుకోని కొట్లాడే నోరు, అక్కడ పెగల్లేదు.

"నాదేమ్మా," అనింది అత్త. "తెలీక పెట్టుకున్నా."

ఆమెను లోపలి గదిలోకి పిలుచుకోని పోయినారు. బయట పెండ్లికూతురి అమ్మ పెరియనాయగి, "ఈమె చేతికా తాళి ఇచ్చింది?" అని గొణుగుతానే ఉంది. హెచ్చరించి వదిలిపెట్టినారు. డబ్బా లేకుండా, కొంగుతో ముఖం తుడుచుకుంటా వచ్చింది అత్త. హరి అందరి ముందరే ఎగిరినాడు.

"అంత చెప్పినా గదా అత్తా! తాళి గూడా పట్టి పెట్టుకోనుంటే పెండ్లి గతి ఏమి?" చేతిసంచి తీసుకోని పెరియనాయగికి ఇచ్చేసినాడు. "నువ్వు ఇంక దేన్నీ ముట్టుకోవద్దు. పీట దగ్గర వేరే ఎవరినన్నా నిలబెట్టుకుంటా."

"సరేలే నాయనా," అనింది అత్త.

అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్తే మూడో ముడి నాకు దక్కకుండా పోతుందని భయం. అదీ నా బతుకు! హోటల్లో ఆమెకూ నాకూ ఒకే రూము. తిడుతుందని కాచుకోనున్నా. తిట్టలేదు. "జడ వెయ్యనా అమ్మాయీ?" అని అడిగింది. తిట్టింటేనే బాగుండు.

పెండ్లినాడు మండపంలో పాలికలు చూసినా. ఆ కొబ్బరిపొట్టులో ఒత్తుగా, పచ్చగా, నా మన్ను లేకుండానే నిగనిగలాడతా మొలిచినాయి. సిగ్గుతో చచ్చిపోయినా. అత్త కొత్త పట్టుచీర కట్టుకోని కడా వరసలో ఒక కుర్చీలో కూర్చోనుంది.

గెట్టిమేళం ఎత్తుకున్నారు. ఆ గడియలో ఎవరి నోట చెడు మాట వచ్చినా వినబడకూడదని డోలు, నాదస్వరం చెవులు పగిలేటట్టు వాయిస్తారు. హరి రెండు ముళ్ళు వేసినాడు. నేను వంగి తాళిదారం పట్టుకోని, "రేయ్, మన్ను పెట్టింది నేను," అని వాడి చెవిలో చెప్పినా.

వాడికి ఏం వినబడుతుంది? దీవిస్తా ఉన్నాననుకోని తల ఊపి నవ్వినాడు. ఆ నవ్వు చూస్తే నా మీద నాకే అసహ్యం పుట్టింది. వినబడదని తెలిసే గదా చెప్పినా!

"నిలపండయ్యా మేళం!" అని అరిచినా.

గెట్టిమేళం నిలపమని ఎవరన్నా అంటారా? డోలాయన చేతులు గాల్లోనే ఆగిపోయినాయి.

"పసుపు డబ్బాలో మన్ను పెట్టింది నేను. అత్తకేమీ తెలీదు. నన్ను కాపాడేదానికి తనదని చెప్పింది. ఆమె వచ్చి అమ్మ స్థానంలో నిలబడాల. మూడో ముడి నువ్వు ఎవరితోనన్నా వేయించుకో."

హరి ముఖంలో నెత్తురు లేదు. "అత్తా..." అన్నాడు. పెరియనాయగి "ముహూర్తం, ముహూర్తం!" అని నెత్తి కొట్టుకుంటా ఉంది. అత్త అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకోని మెట్లెక్కి వస్తా ఉంది.

"తాళి చేతిలో పట్టుకోని చెప్పే మాటలా ఇవి? ముందు ముడి వెయ్యవే, పిచ్చిదానా!"

ఆమె తన చేతులు నా చేతుల మీద పెట్టింది. ముడి పడింది. "వాయించండయ్యా!" అని అరిచిందీ ఆమే.

హరి ఆమె కాళ్ళ మీద పడినాడు. నన్ను తిట్టాల్సినంత తిట్టినాడు. ఇప్పుడు అందరికీ అదొక తమాషా కథ అయిపోయింది. నాకే కాలేదు.

పోయిన వారం అందరం అరుప్పుకోట్టైలో చుట్టాల ఇంటికి బయలుదేరినాము. అత్త తన సంచి తెచ్చి నా ముందర పెట్టి, జిప్పు లాగింది.

"ఏమన్నా పెట్టేదుంటే ఇప్పుడే చెప్పి పెట్టవే. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాల్నో నాకు తెలిసుండాల గదా."

హరి, కలైసెల్వి పడీపడీ నవ్వినారు. అత్త గూడా నవ్వింది. నేను జిప్పు మూసి, సంచి ఆమె చేతికిచ్చి, బస్సు వస్తా ఉందేమో చూసేదానికి బయటికి పోయినా.