సుత్తి మాట

మా ఆయన అబ్రహాము మార్కాపురం పలకల గనుల్లో ఇరవై ఏళ్లు మేస్త్రీ. సుత్తితో రాయిని కొట్టి, మోత విని, అది నిలుస్తుందో విరుగుతుందో చెప్పేవాడు. ఆయన "దిగండి" అంటేనే కూలీలు గుంతలోకి దిగేవారు. ఒక్కనాడూ తప్పలేదు. చివరికి ఆ మంచి పేరే మా కొంప ముంచింది. పలకలకు గిరాకీ పడిపోయాక, ఒక ఏజెంటు ఆ పేరు విని ఆయన్ని కాంగోకు పంపించాడు.

అక్కడ తవ్వేది సెల్‌ఫోన్లలో వాడే ఖనిజం. గని చుట్టూ తుపాకులు పట్టుకున్న మనుషులు. వాళ్లు ఎవరి సైన్యమో ఆయనకూ తెలియదు. తొమ్మిది నెలలకే చిక్కి సగమై తిరిగొచ్చాడు. అన్నం ముందు కూర్చుంటే ఏడుపే. మూడో రోజు నాకు చెప్పాడు.

"వాన వెలిసింది. మేం దిగమని కూలోళ్లు మొరాయించినారు. తుపాకోడు నన్ను పిలిచినాడు. సుత్తితో కొట్టి చూసినా. ఖంగుమన్నది. గట్టిదే, దిగండి అన్నా. హెలెనూ, రాయి పైపైనే, కిందంతా ఎర్రమట్టి. మన పలక గని మాదిరే అనుకున్నా. పదకొండు మంది మట్టి కింద..."

ఆ ఆదివారం చర్చిలో, ఆయన క్షేమంగా తిరిగొచ్చినందుకు కృతజ్ఞత కూడిక పెట్టారు. కూడిక ఎవరికోసం పెడితే వాళ్లు లేచి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి.

"దేవుడు కాపాడినాడని చెప్పి కూర్చో. ఆ సంగతి ఎత్తబాకయ్యా. తెలిస్తే ఇక్కడ నీ మాట మీద ఎవురు దిగుతారు?" అన్నాను. ఆయన చచ్చిపోయినవాళ్ల గురించి కుమిలిపోతుంటే, నేను మా పొట్ట గురించి ఆలోచించాను. సిగ్గుగానే ఉంది.

ఆయన లేచి అంతా చెప్పేశాడు. "వాళ్లను నేనే చంపినా" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్లు ఎత్తి వీడియో తీస్తూనే ఉన్నారు.

మా పాస్టరుగారు మంచివాడే కానీ మౌనం భరించలేడు. "అంతమంది పోయినా మన సహోదరుణ్ణి ప్రభువు కాపాడినాడు! స్తోత్రం చెప్పండి!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అట్ల కాదయ్యా... అది కాదు..." అంటున్నాడు మా ఆయన. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. పక్కనే ఉన్న నాకు వినపడింది.

వినపడినా, అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నాను.