అమ్మోనియా ఆగేదాకా

భానుతేజ ఒక చిన్న సీసా తెచ్చి జానకీదేవి ముందు పెట్టాడు.

"బెంజోనైట్రైల్, మేడమ్. సాయంత్రం నాలుగింటికల్లా బెంజోయిక్ ఆమ్లం చేసి ఇవ్వాలి. నూట ఇరవై రెండు డిగ్రీల దగ్గర కరిగితే ఉద్యోగం మీది. లేకపోతే..." మర్యాదకి ఆగాడు. "ఇంకా ఇద్దరు ఉన్నారు."

మేడ్చల్ రోడ్డు పక్క సందులో ఉన్న ఆ మందుల కంపెనీ ప్రయోగశాలకు అతనే ఇన్‌ఛార్జి. ఆవిడ ఎమ్మెస్సీ పాసైన ఏడాది అతను పలకా బలపంతో బడికి వెళ్ళి ఉంటాడు. ఈ ఇరవై మూడేళ్ళూ సుచిత్ర సెంటర్లో తన ఇంటి భోజనాల బల్ల మీద ఊళ్ళో పిల్లలందరికీ ఆవిడ చెప్పిన రసాయన శాస్త్రమంతా కాగితం మీదే. పొద్దున బయల్దేరుతుంటే భర్త జోగారావు, "గాజు సామాను పగలగొట్టకుండా వస్తే చాలు" అన్నాడు. ఆ మాట ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

సీసా మూత తీసింది. బాదం వాసన రావాలి. జలుబుతో ముక్కులు దిబ్బడ వేసి ఏమీ తెలియలేదు. నూనెలాంటి ఆ ద్రవాన్ని కాస్టిక్ సోడా నీళ్ళతో కలిపి ఫ్లాస్కులో పోసి, పైన ఆవిరిని చల్లబరిచే కండెన్సర్ బిగించి, హీటర్ వేసింది.

పదకొండుంబావుకి నూనె చుక్కలు మాయమై ఫ్లాస్కులో నీళ్ళు తేటపడ్డాయి. జానకీదేవి హీటర్ ఆపేసింది.

గాజు సామాను కడుగుతున్న జంగమ్మ తిరిగి చూసింది. "ఏందమ్మా, బంద్ జేసినవ్?"

"అయిపోయిందిగా. ఆ కాసింతా దాని వేడికే అవుతుందిలే."

"గిది అన్నమా, ఉమ్మగిలనీకి? మా సార్లు ఇంకా మస్తుసేపు మరిగిస్తరు."

జానకీదేవి నాలిక కరుచుకుంది. నైట్రైల్ ఒక్క అంగలో ఆమ్లం కాదని ఎంతమంది పిల్లల చేత రాయించలేదు! ముందు అమైడ్ అవుతుంది. అందులోని నత్రజని అమ్మోనియాగా పూర్తిగా వెళ్ళిపోయాకే పని అయినట్టు. వేడి నీళ్ళలో అమైడ్ కూడా తేటగానే కరిగి ఉంటుంది. ఇప్పుడు ఆసిడ్ పోస్తే ఆమ్లంతో పాటు అదీ తెల్లగా దిగుతుంది. చూపుకి తేడా తెలియదు, కానీ కలగలిసిన పొడి ముందే కరిగి థర్మామీటరుకి దొరికిపోతుంది.

మళ్ళీ హీటర్ వేసింది. "జంగమ్మా, కాస్త వాసన చూసి చెప్పవూ, అమ్మోనియా వస్తోందేమో. నాకు జలుబు."

"నా ముక్కా! ఆరేండ్లాయె నేను గీడికొచ్చి. అది ఎన్నడో సచ్చింది."

"పోనీ లిట్మస్ కాగితం?"

"బీరువల ఉన్నది. తాళం స్టోర్ జూసే కుర్మయ్య జేబుల ఉన్నది. కుర్మయ్య మేడ్చల్ల ఉన్నడు."

జానకీదేవి తల పట్టుకుంది. అమ్మోనియాలాంటి క్షారం తగిలితే రంగు మారేది ఇంకేముంది? జోగారావు చొక్కా మీద పులుసు మరక గుర్తొచ్చింది. సబ్బు రాయగానే పసుపు ఎర్రబడి, ఇంకా పెద్దదైనట్టు కనిపించే మరక.

"క్యాంటీన్లో చిటికెడు పసుపు దొరుకుతుందా?"

"పసుపా? ఫ్లాస్కుకు పూజ జేస్తవా ఏంది!" అంటూనే జంగమ్మ పరుగెత్తింది.

వడపోత కాగితం ముక్కకి పసుపు పులిమి, తడిపి, మరుగుతున్న ఫ్లాస్కు మీది కండెన్సర్ మూతి దగ్గర పట్టింది. కాగితం మెల్లగా ఎర్రబడింది.

"ఓయమ్మ! సున్నం కలిపినట్టే అయింది" అంది జంగమ్మ.

పన్నెండున్నరకి భానుతేజ వచ్చాడు. "తేటగా ఉందిగా మేడమ్, ఆసిడ్ పోసెయ్యండి. ఇంకా వడకట్టాలి, ఆరబెట్టాలి."

"అవలేదండీ. అమ్మోనియా వస్తోంది."

"టైమ్ మీదే. ఆలోచించుకోండి."

"పోనీ మీరే ఒకసారి వాసన చూడండి."

అతను నవ్వి, కండెన్సర్ మూతి మీదికి వంగి గట్టిగా పీల్చాడు. మరుక్షణం దగ్గుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ కిటికీ దగ్గరున్నాడు. జంగమ్మ కుళాయి వైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వింది. "జెర దూరంకెల్లి జూడాలె సారూ."

ఒంటిగంటన్నరకి పట్టిన కాగితం పసుపు పచ్చగానే ఉండిపోయింది. అప్పుడు దించి, చల్లార్చి, ఆసిడ్ పోసింది. ఫ్లాస్కు నిండా తెల్లటి పొడి దిగింది. వడకట్టి, వేడి నీళ్ళలో కరిగించి మళ్ళీ స్ఫటికాలు దించి, ఆరబెట్టేసరికి నాలుగూ ఇరవై. భానుతేజ గడియారం చూసుకున్నాడు. సన్నటి గాజు గొట్టంలో పొడి నింపి వేడి చేశాడు. నూట ఇరవైకి కదల్లేదు. ఇరవై ఒకటికి అంచు చెమర్చింది. ఇరవై రెండుకి నీరైంది.

"ఆలస్యం చేశానండీ" అంది జానకీదేవి.

"నిన్న ఒకాయన మూడింటికే ఇచ్చాడు. నూట ఎనిమిదికే కరిగిపోయింది." కాగితం మీద సంతకం పెట్టాడు. "సోమవారం రండి. కంపెనీ బస్సు ఎనిమిదింటికి సుచిత్రలో ఆగుతుంది."

ఆవిడ సంచీ తీసుకోబోతుంటే గోడ దగ్గర టకటకమని చప్పుడు. జంగమ్మ రాయితో మేకు కొడుతోంది.

"సోమవారం సంది నీ ల్యాబు కోటు గీడ తగిలెయ్యమ్మా. పక్క మేకు నాది. దాని మీద మాత్రం ఎయ్యకు, కొట్లాటయితది."