కుట్టు వేయని తాడు

జూడ్ తాడుకి ముడి వేయడు. నతానియేల్‌కి మండింది అక్కడే.

అమెరికాలో ప్లేనో ఊరి తెలుగు చర్చి ఏటా క్యాంపుకి వెళ్తుంది. ఎనిమిదేళ్లుగా అక్కడ తాడు పని నతానియేల్‌ది. టార్పాలిన్ కట్టాలన్నా, పిల్లలకి ఉయ్యాల వేయాలన్నా అందరూ అతన్నే పిలిచేవారు. వారమంతా ఆఫీసులో డేటాబేసులతో కుస్తీ పట్టే మనిషికి ఏడాదిలో దక్కే గొప్ప ఆ రెండు రోజులే. ఇంతలో అరోరా అనే ఊరి నుంచి జూడ్ దిగాడు. ముప్పై రెండేళ్లవాడు. గారేజీలో కుట్టుమిషను పెట్టుకుని టెంటు, ఉయ్యాల అన్నీ సొంతంగా తయారు చేసుకుంటాడు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక జూడ్ హాల్లో బల్ల మీద బూడిదరంగు సింథటిక్ తాడు పరిచాడు. పెన్సిలంత లావు కూడా లేదు.

"లోపల బోలుగా ఉంటుంది. కొసని వెనక్కి మడిచి, ఈ పొడుగు సూదితో తాడు పొట్టలోకే పంపిస్తాం. బరువు పడితే పైతాడు లోపలి కొసని పిండి పట్టేస్తుంది. స్ప్లైస్ అంటే ఇంతే. ఇదిగో, కొస మీద గీసిన ఈ నల్లగీత ఎప్పుడూ అది లోపలికి దూరే నోటి దగ్గరే ఉండాలి."

"లంగాకి బొందు ఎక్కించినట్టేగా బ్రదర్," అంది నతానియేల్ భార్య ప్రిస్సిల్లా. అందరూ నవ్వారు. ఆమె తాడుని వేళ్లతో నిమిరింది. "ఎంత నీటుగా ఉందో. మావారు కట్టినవి బస్తా మూతికి కట్టినట్టుంటాయి."

ఆ మాట నతానియేల్ గొంతులో చేపముల్లులా దిగింది.

జూడ్ ఈసారి సన్న సూదీ దారం తీసి స్ప్లైస్ మీద కుట్టు వేయబోయాడు.

"పట్టేస్తుందన్నావు, మళ్లీ కుట్టెందుకు?" అన్నాడు నతానియేల్. "నీ తాడు మీద నీకే విశ్వాసం లేదా బ్రదర్?"

ఈసారి అందరూ జూడ్‌ని చూసి నవ్వారు. జూడ్ చెవులు ఎర్రబడ్డాయి. తనూ నవ్వేసి సూదిని డబ్బాలో పెట్టేశాడు.

మర్నాడే నతానియేల్ అదే తాడు ఆర్డర్ చేశాడు. సాయంత్రాలు ఆఫీస్ కాల్ ఉందని చెప్పి గారేజీలో దూరేవాడు. వీడియోలు చూశాడు, వేళ్లు పొడుచుకున్నాడు, గురువారానికి జానెడు కొసని లోపలికి పంపగలిగాడు. రెండు బియ్యం బస్తాలు వేలాడదీస్తే తాడు వెంట్రుకంత కూడా జారలేదు. మనిషి ఉప్పొంగిపోయాడు. బస్తాలు దించి, ఖాళీ తాడుని తడిబట్ట దులిపినట్టు నాలుగుసార్లు దులిపాడు. కొస సునాయాసంగా బయటికొచ్చేసింది.

అప్పుడర్థమైంది. బరువున్నంతసేపే ఆ పట్టు. తాడు వదులుగా ఊగితే కొస మెల్లగా జారుతుంది. కుట్టు ఉన్నది అందుకే.

ఫోన్ తీసి జూడ్ పేరు దాకా వెళ్లాడు. 'వాడికి తెలీదా ఏం, ఇంటికెళ్లి కుట్టు వేసుకునే ఉంటాడు' అనుకుని ఫోన్ జేబులో పెట్టేశాడు.

శనివారం సరస్సు ఒడ్డున, రాళ్ల నేల మీద, రెండు ఓక్ చెట్ల మధ్య జూడ్ కొత్త ఉయ్యాల వేలాడుతోంది. గాలికీ పిల్లల తోపులకీ పొద్దుటి నుంచీ ఖాళీగా ఊగుతూనే ఉంది. చూడనట్టే చూశాడు నతానియేల్. ఎడమవైపు, అంతకుముందే ఇంట్లో చేసినదానికి కుట్టు ఉంది. కుడివైపు, హాల్లో చేసినదానికి లేదు. నల్లగీత నోటికి రెండు వేళ్ల దూరం జరిగింది.

"జూడ్ బ్రదర్‌ని చూసి నేర్చుకోండి," అంటూ వెళ్లింది ప్రిస్సిల్లా. అతను తాడు మీంచి చూపు తిప్పేసుకున్నాడు.

ఆ చర్చిలో కొత్త కారు కొన్నా కొత్త కుక్కర్ కొన్నా ముందు ప్రార్థన, తర్వాతే వాడకం. మొదట వాడి చూసేది పెద్దావిడ కరుణమ్మగారు. డెబ్బై తొమ్మిదేళ్ల రిటైర్డ్ నర్సు, మోకాళ్లు రెండూ మార్పించుకున్న మనిషి. ఆమెను ఉయ్యాల ముందు నిలబెట్టి పాస్టర్ దేవకుమార్‌గారు కళ్లు మూశారు. అందరూ మూశారు, నతానియేల్ తప్ప.

గీత నాలుగు వేళ్లు దాటింది.

పాస్టర్‌గారు నోవహు ఓడ నుంచి మొదలుపెట్టారు. ఆమేన్ అనేసరికి పావుగంట పడుతుంది. ఆమేన్ అయ్యాక చెబుదాం అనుకున్నాడు. అసలు చెప్పడం దేనికి? ఒక్కసారి తాడు ఊడితే చాలు, మళ్లీ ఎవరూ జూడ్‌ని... అక్కడితో ఆ ఆలోచన తెగిపోయింది. నిలబడలేక కరుణమ్మగారు కళ్లు మూసుకునే, స్తోత్రం అంటూనే, ఉయ్యాల్లోకి ఒరుగుతున్నారు.

నతానియేల్ ఒక్క దూకు దూకి ఆమెను రెండు చేతులా పట్టేసుకున్నాడు. ప్రార్థన ఆగింది.

"ఏమైందండీ?" అంది ప్రిస్సిల్లా.

అతను పెద్దావిడను ప్రిస్సిల్లాకు అప్పజెప్పి, కుడివైపు తాడుని దులిపి లాగాడు. కొస ఊడి చేతికొచ్చింది.

"కుట్టు లేకపోతే జారుతుంది," అన్నాడు. జేబులోంచి సూదీ దారం తీశాడు. ప్రిస్సిల్లా ఆ సూదినీ, సూదిపోట్లు పడ్డ అతని వేళ్లనీ చూసింది. ఆఫీస్ కాల్స్ ఏమిటో ఆమెకి తెలిసిపోయింది.

జూడ్ మొహం పాలిపోయింది. "నువ్వన్నావనే వేయలేదన్నా. వేస్తే నవ్వుతారని."

"అప్పటికి నాకు తెలీదు. గురువారం తెలిసింది."

"మరి ఫోన్ చేయొచ్చుగా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కరుణమ్మగారు కళ్లజోడు సర్దుకుని అతన్నే చూస్తున్నారు.

"నీది ఊడితే చూద్దామని," అన్నాడు నతానియేల్.

"నీ దుంప తెగ. ఊడితే పడేది నేను కదరా," అన్నారావిడ. "కుట్టు. కుట్టి ముందు నువ్వెక్కు. ఆ తర్వాతే నేను."

జూడ్ తాడు పట్టుకున్నాడు. నతానియేల్ కొసని లోపలికి పంపి, కుట్టు వేశాడు. అది వంకరగా వచ్చింది. ఉయ్యాల్లో కూర్చున్నాడు. తాడు కిర్రుమంది, ఆగింది. తలెత్తితే రెండు కొసలూ కనిపించాయి. జూడ్ చేసిన ఎడమవైపుది ఇంకా అందంగానే ఉంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

"నీదే బాగుంది," అన్నాడు జూడ్‌తో, అందరికీ వినబడేలా.