చెంగమ్మ అడిగిన చాటింపు

తప్పు నాది. గంగమ్మ తల్లి మీదికి నెట్టే మొహం నాకు లేదు.

నా భార్య చెంగమ్మకు చెంప మీద లేచిన నల్లటి గడ్డ రెండు నెలల్లో నిమ్మకాయంత అయింది. మదరాసు పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చీటీ మీద తేదీ రాసిచ్చి, ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"ఇది మామూలు పుండు కాదు మునెయ్యా. కంటికి కనపడని వేళ్లు లోపల మిగిలుంటాయి. గాయం మానగానే ఎక్స్‌రే కరెంటు పెట్టి మాడ్చాలి. ఈ తేదీ దాటనియ్యొద్దు."

ఆ తేదీ బుధవారం. ముందురోజు మంగళవారమే మా తిరుపతిలో గంగమ్మ జాతర చాటింపు. అది పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. తప్పెట కొట్టి ఆ మాట వీధివీధినా చాటేది నేనే. మా తాత, మా నాయన, ఆ తర్వాత నేను.

సోమవారం నా బావమరిది చిన్నబ్బ వచ్చాడు.

"బావా, ఈసారికి తప్పెట నేను కొడతా. నువ్వు అక్కను రైలెక్కించుకపో."

నాకు ఒళ్లు మండింది. "మా ఇంటి తప్పెట నీ చేతికిచ్చేదా? పోరా, పోయి నీ పని సూసుకో!"

చెంగమ్మ నా చెయ్యి పట్టుకుని తన చెంపకు ఆనించుకుంది.

"పైన మానింది మామా. డాక్టరు లోపల మిగిలుంటాదన్నాడు గదా. నాకు బయంగా ఉండాది. పోదాం."

"ఎనిమిది దినాలే గదే. తల్లి సల్లగా సూస్తుందిలే."

మంగళవారం చాటుకుంటూ మా వీధిలోకి వచ్చాను. చెంగమ్మ బట్టల మూటతో వాకిట్లో నిలబడి ఉంది. ఇంకా పోదామంటానని ఆశ. నేను ఇంకాస్త గట్టిగా కొట్టాను. మూట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

జాతర అయిన మర్నాడే మదరాసు చేరాం. మా వంతు ఇంకొకరికి పోయింది. మళ్లీ వంతు నెల తర్వాతే అన్నారు. ఆ నెలలోనే ఆమె చెవి కింద చిక్కుడుగింజంత గడ్డ గట్టిగా తగిలింది. డాక్టరు దాన్ని నొక్కి చూశాడు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మెడలోకి దిగింది. ఇప్పుడు కరెంటు పెడితే కొంచెం నొప్పి తగ్గుతుంది, అంతే."

తిరుగు రైలు రేణిగుంట దాటింది. చెంగమ్మ నా వైపు చూడకుండానే అంది.

"వచ్చే ఏడు సాటేటప్పుడు ఒక మాట కలుపు మామా. జబ్బుతో ఉండేవాళ్లు పొలిమేర దాటి పోవచ్చునని."

దీపావళి చూడకుండానే పోయింది.

మరుసటేడు చాటాను. "జబ్బుతో ఉండేవాళ్లు పొలిమేర దాటి పోవచ్చునహో!" అని ప్రతి వీధిలోనూ అరిచాను. జనం వింతగా చూశారు. మా వాకిట్లో ఎవరూ లేరు. అక్కడే తప్పెట మెడలోంచి తీసి, నా వెంట వచ్చిన చిన్నబ్బ చేతికిచ్చాను.

"ఇప్పుడెందుకు బావా?" అన్నాడు వాడు.