అద్దం వెనక బెల్లు

మా ఆడపడుచు యూనివర్సిటీలో సైకాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. నా చదువు పదో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి ఆమె పుస్తకం చేతిలో పెట్టుకుని ఏం చెప్పినా నోరు తెరుచుకుని వింటాను. అదే నా కొంప ముంచింది.

"తల్లి పక్కన లేకపోతే పిల్లలు ఎలా ఉంటారో చూస్తారు వదినా. మా క్లాసుకి ఒక తల్లీబిడ్డా కావాలి. మన పిడుగుని తీసుకురావా?" అంది.

పిడుగంటే నా కూతురు. ఏడాదిన్నర పిల్ల. అది తుమ్మితే చాలు, నా గుండె జారిపోతుంది.

"ఏడుస్తుందేమోనే."

"నేనుంటాగా అక్కడ! సొంత మేనత్తని, ఊరుకుంటానా?"

ఆ మాట పట్టుకుని వెళ్లాను.

గది ముచ్చటగానే ఉంది. నీలం చాప, చెక్క బొమ్మలు, రెండు కుర్చీలు, ఒక గోడ నిండా అద్దం. ఆ అద్దం వెనక చీకటి గదిలో విద్యార్థులు కూర్చుంటారట. వాళ్లకి మేం కనిపిస్తాం, మాకు వాళ్లు కనిపించరు. పాఠం చెప్పే మేడమ్ వచ్చి అంతా మెత్తగా వివరించింది. కాసేపు నేను పిల్లని ఆడించాలి. తర్వాత దానికి తెలియని ఒకావిడ వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నేను బయటికి వెళ్లాలి.

"ఏడిస్తేనో మేడమ్?"

"మరీ ఏడిస్తే ఆపేస్తాం. అద్దం వెనక మా గదిలో గోడకి బెల్లు ఉంది. ఇక చాలనిపిస్తే ఎవరైనా నొక్కొచ్చని మా విద్యార్థులందరికీ చెప్పాను. అది మోగగానే వచ్చెయ్యండి. మోగకముందు మాత్రం రాకండి, మొత్తం పాడైపోతుంది."

బళ్లో తలూపినట్టే బుద్ధిగా తలూపాను.

ఆ కొత్తావిడ వచ్చి కూర్చున్నాక నేను వరండాలోకి వచ్చి తలుపు వేశానో లేదో, పిడుగు మొదలుపెట్టింది. ముందు కోపం ఏడుపు. ఇంట్లో రోజూ వినేదే, ఫరవాలేదు. తర్వాత "అమ్మా" అని పిలుపు. తర్వాత తలుపు మీద చిన్న అరచేతుల చప్పుడు. తలుపుకి ఇవతల నేను, అవతల అది. గొళ్లెం కూడా లేదు ఆ తలుపుకి. బెల్లు కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను. అంతమంది చదువుకునేవాళ్లు చూస్తున్నారు, అందులో మేనత్త ఉంది, మరీ ఎక్కువైతే నొక్కరా? నాదే అనవసరపు కంగారేమో. ఇంట్లో అందరూ అనేది అదేగా, "నీకు అన్నిటికీ కంగారే" అని.

ఏడుపు ఆగి, ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఊపిరి అందని ఎక్కిళ్లు. ఇక బెల్లూ లేదు, గిల్లూ లేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

ఆ తెలియని ఆవిడ కుర్చీలో బొమ్మలా కూర్చుని ఉంది. "నన్ను కదలొద్దన్నారండీ" అంది, పాపం, తప్పు తనదే అన్నట్టు.

పిల్లని చంకనేసుకుని పక్క గది తలుపు తీశాను. చీకట్లో వరసలు వరసలుగా మొహాలు, ఒళ్లో నోటుపుస్తకాలు. ఎర్ర బెల్లు గోడకే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

"ఎవరూ నొక్కలేదేం?"

ఒక అబ్బాయి గొణిగాడు. "మేడమ్ నొక్కుతారనుకున్నామండీ."

"నేను మీకే వదిలేశాను కదా" అంది మేడమ్.

"ముందు వరసవాళ్లు నొక్కుతారని మేము..."

"మీరంతా కూర్చునే ఉన్నారుగా, ఇంకా నొక్కాల్సినంత లేదేమో అనుకున్నాం!" అన్నారు ముందు వరసవాళ్లు.

మా ఆడపడుచు రెండో వరసలో తల దించుకుని ఉంది.

"మరి నువ్వో?"

"నేనొక్కదాన్నే లేస్తే, వాళ్ల పిల్ల కాబట్టి లేచిందంటారని... వదినా..."

"మన పిల్ల కాబట్టే లేవాలే తల్లీ!"

వెనక నుంచి ఎవరో అమ్మాయి హుషారుగా అంది. "మేడమ్! పోయిన వారం పాఠం ఇదే కదా! చుట్టూ మనుషులు ఎక్కువైతే, సాయానికి లేచేవాళ్లు తగ్గిపోతారని."

ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. ఒకరు రాసుకున్నారు కూడా. నా ఒళ్లు మండిపోయింది.

"అయితే ఇంకేం, బాగా వంటబట్టింది. నా కూతురి పుణ్యమా అని మార్కులు కూడా దండిగా పడతాయి!"

"చూడండమ్మా, మీరు కాస్త ఎక్కువ ఆందోళన పడే మనిషిలా ఉన్నారు. తల్లి కంగారు పడితే పిల్లలు కూడా..." అని మేడమ్ అదే మెత్తటి గొంతుతో మొదలుపెట్టింది.

"అవును మేడమ్, కంగారు మనిషినే. ఈ గదిలో ఒక్క కంగారు మనిషి ఉన్నా ఆ బెల్లు మోగేది."

ఆవిడ తల తిప్పి ఆ బెల్లు వంక చూసింది.

మా ఆడపడుచు లేచి వచ్చి చేతులు చాపింది. "రా పిడుగూ, అత్త దగ్గరికి రా." ఇంట్లో అయితే ఆ గొంతు వినగానే నా చంకలోంచి దూకేది. ఇప్పుడు నా మెడలో మొహం దాచుకుంది. తడి ముక్కు నా భుజానికి రాసుకుంటూ ఇంకా ఎక్కిళ్లు పెడుతూనే ఉంది. చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఇది కూడా రాసుకో" అన్నాను.

మేం వరండా చివరికి వచ్చాక వెనక బెల్లు మోగింది. ఎవరు నొక్కారో చూడ్డానికి నేను వెనక్కి తిరగలేదు.