మూడు వందల పన్నెండు చీరల పెట్టె

నేను ఒక చిన్న నల్ల పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. ముఖాన రెండు యూఎస్‌బీ రంధ్రాలు, వీపున ఒక నెట్‌వర్కు తీగ. తెర లేదు, మీటలు లేవు. లోపల నన్ను నడిపే లినక్సు అనే సాఫ్ట్‌వేరు ఉంది గానీ, నాలుగు గిన్నెలు మాత్రం ఉంచి తక్కినవన్నీ తీసేసిన వంటగదిలాంటి లినక్సు. నన్ను తయారుచేసినవాళ్లు దాన్ని పొదుపు అన్నారు. నేను పిసినారితనం అంటాను.

ధర్మవరంలో కుళ్లాయప్ప పట్టు మగ్గాల షెడ్డులో నా కొలువు. నా రంధ్రంలో ఒక హార్డ్ డిస్కు గుచ్చారు. అందులో ఆ షెడ్డులో పనిచేసే రామాంజినమ్మ పదకొండేళ్లుగా కంప్యూటరు మీద గీసిన మూడు వందల పన్నెండు చీరల డిజైన్లు ఉన్నాయి. కంప్యూటరుతో నడిచే ఆ మగ్గాల్లో ఏది ఏ అంచు అడిగినా తీగ గుండా అందించేది నేనే. వాటికి ఇంకో నకలు ఎక్కడా లేదు. నకలుంటే పక్క షెడ్డువాళ్లు కాజేస్తారని కుళ్లాయప్ప భయం. మనుషుల జాగ్రత్త ఇలాగే ఉంటుంది. దొంగ కోసం పది తాళాలు వేస్తారు, చెద కోసం ఒక్కటీ వేయరు. పైగా రామాంజినమ్మకు చూపు తగ్గుతోంది. ఇక గీయడం మానుకోమని కళ్ల డాక్టరు చెప్పేశాడు. ఆ డిస్కు పోతే ఆమె మళ్లీ గీయలేదు.

ఆయుధ పూజ నాడు కుళ్లాయప్ప మగ్గాలతోపాటు నన్నూ పీట మీద కూర్చోబెట్టాడు. డిస్కు పీకి, నా ముఖం తుడిచి, తడి గంధం దట్టంగా పూసి కుంకుమ పెట్టాడు. ఆ గంధం ఒక రంధ్రంలోకి జారి ఎండిపోయింది. భక్తికి అడ్డు చెప్పే నోరు నాకెక్కడిది?

పండగ మర్నాడు పొద్దున డిస్కును అదే రంధ్రంలో గుచ్చి స్విచ్చి వేశారు. డిస్కుకు కరెంటు వేరే ఉంది కాబట్టి దాని దీపం వెలిగింది. నాకు మాత్రం డిస్కు అందలేదు. అయినా నాకు నేర్పిన పని నేను చేశాను. ‘డిజైన్లు’ అనే ఫోల్డరును అందరికీ తెరిచిపెట్టాను. డిస్కు లేని ఆ ఫోల్డరులో ఏముంటుంది? రామాంజినమ్మ తన కంప్యూటరులో తెరిచి చూసింది.

“అన్నా, ఇందులో ఒక్కటీ లేదు,” అంది.

మగ్గాలు ఆగిపోయాయి. ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్‌ను పిలిపించారు. అతను తీగ మార్చాడు, పాస్‌వర్డు చూశాడు, నన్ను మూడుసార్లు ఆర్పి వెలిగించాడు. ఫోల్డరు తెరుచుకుంటూనే ఉంది కాబట్టి నా తప్పేమీ లేదనుకున్నాడు. డిస్కు పీకి రామాంజినమ్మ కంప్యూటరుకు తగిలించాడు. డిస్కులో రాసింది నా పద్ధతిలో. అది ఆ కంప్యూటరుకు చదవడం రాదు. రాదని ఒప్పుకోకుండా, ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని అడిగింది.

“డిస్కు చెడిపోయిందన్నా. ఫార్మాట్ కొడితే మళ్లా పనికొస్తాది. లోపలుండేటివి మాత్రం పోయినట్టే,” అన్నాడు మస్తాన్.

“మగ్గాలు నిలబడినాయి. ఎట్లా పోయినట్టే గదా, కొట్టు. ఏమైతే అదైతాది,” అన్నాడు కుళ్లాయప్ప.

మస్తాన్ మౌసును ‘అవును’ మీదికి జరిపాడు. నాకు భయంతో ప్రాణం పోయినంత పనైంది. అన్నీ ఉన్నాయి, ఒక్క గీత కూడా చెరగలేదు, ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. చెప్పడానికి నాకున్నది మినుకుమినుకుమనే ఒక్క పచ్చ దీపం.

రామాంజినమ్మ మౌసు మీద చెయ్యి వేసి ఆపింది.

“ఉండు మస్తాన్. అది ఖాళీ అంటాండాదా, చదవనీకి రాదంటాండాదా?”

“చదవనీకి రాలేదక్కా.”

“మా నాయన చీర అంచు గీసిన గళ్ల కాగితం ఇస్తే నువ్వు చదువుతావా? నీకు రాకపోతే దాంట్లో అంచు లేనట్టేనా?”

మస్తాన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డిస్కును మళ్లీ నాకు తగిలించి, రామాంజినమ్మ కంప్యూటరులో ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి నాతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. నీకు ఏమేం తగిలి ఉన్నాయి అని అడిగాడు. ఆ సంగతి చూసే పనిముట్టు నాలో లేదు. ‘దొరకలేదు’ అన్నాను. ఇంకో రకంగా అడిగాడు. మళ్లీ ‘దొరకలేదు’. మూడోసారీ అదే మాట చెప్పాల్సి వచ్చినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి, లేచినప్పటి నుంచి నేను రాసుకున్న డైరీ చూపించమన్నాడు. అది ఉంది. ఉన్నదంతా అతని ముందు కుమ్మరించాను.

రెండుసార్లు చదివాడు. “అక్కా, డిస్కు వచ్చినట్టు దీంట్లో ఒక్క ముక్క గూడా లేదు. దీనికి డిస్కు అందనే లేదు.”

ఫోను లైటు వేసి నా రంధ్రంలోకి చూశాడు. “గంధం,” అన్నాడు. కుళ్లాయప్ప మగ్గాల వైపు చూస్తూ నిలబడ్డాడు.

మస్తాన్ డిస్కును రెండో రంధ్రంలో గుచ్చి నన్ను మళ్లీ వెలిగించాడు. నేను లేవడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషమంతా రామాంజినమ్మ తెర వైపు చూడలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఫోల్డరు తెరుచుకుంది. మామిడి పిందెల అంచు, నెమలి కొంగు, గండభేరుండం, మూడు వందల పన్నెండూ వరసగా వచ్చాయి. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“మస్తాన్, ఇంకో డిస్కు తీసుకురా. అన్నీ దాంట్లోకి గూడా ఎక్కిచ్చు,” అంది.

“బయటికి పోతే ఎట్లమ్మా?” అన్నాడు కుళ్లాయప్ప.

“దొంగిలిస్తే ఆ చీర యాడో ఒగ చోట ఎవురో ఒగరు కట్టుకుంటారన్నా. చెరిగిపోతే ఎవురూ కట్టుకోరు.”

కుళ్లాయప్ప జేబులోంచి డబ్బు తీసి మస్తాన్ చేతిలో పెట్టాడు. మస్తాన్ మొదటి రంధ్రాన్ని బ్రష్షుతో శుభ్రం చేసి కొత్త డిస్కు గుచ్చాడు. సాయంత్రం దాకా ఒక డిస్కులోంచి తీసి ఇంకో డిస్కులో పెడుతూనే ఉన్నాను. ఒళ్లు కాలిపోయేంత వేడెక్కాను. ఆఖరి చీర చేరాక రామాంజినమ్మ కొత్త డిస్కు సంచిలో వేసుకుని ఇంటికి వెళ్లింది. ఇక నేనూ నా డిస్కూ పాడైపోయినా ఆమెకు నష్టం లేదు. అంత హాయిగా నాకు ఎన్నడూ అనిపించలేదు.