నాది కాని గొర్రె

జేబులో కత్తి ఉండటం కొండమీద తప్పు కానప్పుడు పట్నంలో తప్పెలా అవుతుంది? ఈ సందేహం గొర్రెలకాపరి బకీజియోను ఏళ్ళ తరబడి వదల్లేదు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదరుగారినే అడిగాడు. చట్టం కత్తిని చూడదు నాయనా, జేబులో ఎందుకుందో చూస్తుంది అన్నాడాయన. గొర్రెలకాపరికి చెప్పుకోవడానికి కారణం ఎప్పుడూ ఉంటుంది, నీకెందుకు బెంగ అని నవ్వాడు కూడా. బకీజియో తలాడించాడు గాని, కోసే చెయ్యి అదే, తెగే రొట్టె అదే అయినప్పుడు దేవుడి దగ్గర కూడా రెండు లెక్కలుంటాయా అన్న ముల్లు లోపలే ఉండిపోయింది.

ఇటలీ దీవి సార్డీనియా కొండల్లో మగవాడు విందుకు వెళ్ళినా సొంత మడతకత్తితోనే తింటాడు. ఇంటివాళ్ళు పళ్ళెం పెడతారు గాని కత్తి పెట్టరు. బకీజియో కత్తికి పొట్టేలు కొమ్ము పిడి. పొద్దున్నే చొక్కా తొడుక్కున్నట్టే దాన్నీ జేబులో వేసుకునేవాడు.

భార్య బస్తియానా పట్నం ఆసుపత్రిలో పడ్డాక మందను అమ్మేశాడు. రోజూ బస్సెక్కి ఆమె దగ్గరికి పోయేవాడు. ఆమె తిండి మానేసింది. ఒకనాటి సాయంత్రం మాత్రం, మన గోడవారనున్న నాగజెముడు పళ్ళు తినాలనుంది, నువ్వే ఒలిచి పెట్టాలి అంది. మర్నాడు సంచీ నిండా కోసుకుని బయలుదేరాడు.

అంతకు ముందురోజు ఆసుపత్రిలో ఎవరో కొట్టుకున్నారట. గుమ్మం దగ్గర పోలీసులు అందరి జేబులూ తడుముతున్నారు. కత్తి బయటపడింది. తడిమిన కుర్రపోలీసుదీ కొండ ఊరే. వెనక నిలబడ్డ పైఅధికారికి వినబడేలా, దారి చూపిస్తున్నట్టు అడిగాడు.

"తాతా, నీకు గొర్రెలున్నాయి కదూ?"

ఉన్నాయంటే చాలు, వదిలేసేవారు. దొడ్లో ఒక గొర్రె ఉంది కూడా. కాని అది అతనిది కాదు. వెనకటికి కార్చిచ్చులో అతని మంద మాడిపోతే, అక్కడి ఆచారం ప్రకారం ఇంటికొక గొర్రె చొప్పున ఇచ్చి ఊరు అతన్ని నిలబెట్టింది. విధవరాలు మల్లేనా తనకున్న ఒక్క పాడిగొర్రెనూ తోలుకొచ్చి ఇచ్చింది. తక్కినవాళ్ళ కష్టాల్లో వాళ్ళ బాకీ తీర్చుకున్నాడు. ఆమె మాత్రం, ఉండనీరా, అడిగినప్పుడు ఇద్దువులే అంటూ ఎప్పుడూ తిప్పి పంపేది. అందుకే మందనమ్మినా ఆమె వంతు గొర్రెను అమ్మలేదు.

"లేవు నాయనా" అన్నాడు బకీజియో.

కుర్రవాడు తల దించుకున్నాడు. భార్యకు పళ్ళు ఒలవడానికని బకీజియో చెప్పుకున్నాడు. పళ్ళు ఇంటి దగ్గరే ఒలుచుకు రావచ్చుగా అన్నాడు అధికారి. అదీ నిజమే. స్టేషనుకు తీసుకెళ్ళి, కాగితాలు రాసి, కత్తిని కవర్లో పెట్టి ముద్ర వేశారు. వదిలేసరికి మధ్యాహ్నం దాటింది.

అతను ఆసుపత్రికి వెళ్ళేసరికి ఖాళీ మంచంమీద దుప్పటి మారుస్తున్నారు. వచ్చాడా, వచ్చాడా అని ఆఖరిదాకా గుమ్మంకేసే చూసిందని నర్సు చెప్పింది. సంచీలో పళ్ళు ముళ్ళతో అలాగే ఉన్నాయి.

చావింట పొయ్యి వెలిగించరు కనుక ఇరుగుపొరుగు వండి తెచ్చారు. మగవాళ్ళంతా జేబుల్లోంచి కత్తులు తీశారు. బకీజియో చెయ్యి కూడా అలవాటుగా జేబులోకి పోయి, ఊరికే అక్కడే ఆగిపోయింది. పక్కనున్నాయన అతని పళ్ళెం లాక్కుని, పసివాడికి కోసినట్టు మాంసం చిన్న ముక్కలుగా కోసి ఇచ్చాడు.

ఆ వారమే గొర్రెను తోలుకుని మల్లేనా ఇంటికి వెళ్ళాడు. ఆమెకు సంగతంతా తెలుసు. గడపలో నిలబడి అతని ముఖంలోకి చూసింది.

"ఆ పూటకి గొర్రె నాదే అనేస్తే ఏం పోయేదిరా?"

"నీది గదా పిన్నీ."

"నేనేమన్నా వచ్చి కాదంటానా, పిచ్చి సన్నాసీ."

ఈసారి ఆమె వద్దనలేదు. తడి చేతులు బట్టకు తుడుచుకుని పలుపు అందుకుంది.